కుందేలు గడ్డి మానేసింది, దవడ కింద గడ్డ తగులుతోంది

మల్లిక_బెజవాడ
మా కుందేలు పేరు బొబ్బట్టు. మగది, చెవులు వేలాడే జాతి, నాలుగేళ్లు ఉంటాయి. కొంతకాలంగా గడ్డి తగ్గిస్తూ వచ్చి ఇప్పుడు పూర్తిగా మానేసింది. ఆకలి లేదా అంటే ఉంది. కొత్తిమీర వాసన తగిలితే పరుగున వస్తుంది, ఒక రెమ్మ నోట్లో పెట్టుకుంటుంది, రెండు సార్లు నమిలి కింద పడేసి వెళ్లిపోతుంది. గడ్డం కింద బొచ్చు తడిసి అట్టకట్టి ఉంటోంది. ఎడమ కంటి నుంచి నీరు. నిన్న ఒళ్లో పెట్టుకుని దువ్వుతుంటే ఎడమ కింది దవడ అంచున శనగగింజంత గట్టి గడ్డ చేతికి తగిలింది.

దగ్గరలో కుక్కలను చూసే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాను. ముందు పళ్లు చూసి బాగున్నాయన్నారు. వేడి చేసిందని, పెరుగు పెట్టమని, ఒక యాంటీబయాటిక్ సిరప్ నోటి ద్వారా వేయమని రాశారు. అమాక్సిసిలిన్, క్లావులనేట్ అని ఉంది. సీసా ఇంకా మూత తీయలేదు. పెంటికలు కూడా చిన్నవై, తక్కువ పడుతున్నాయి. కుందేళ్లను పెంచేవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదారిగట్టు
బొబ్బట్టు, మానేసింది అన్న మాటలు చూసి ఎవరింట్లోనో పిల్లవాడి పేచీ అనుకుని లోపలికి వచ్చాను. క్షమించాలి. త్వరగా కోలుకోవాలి.

సుజాత_అల్వాల్
మల్లిక గారూ, ఆ సీసా మూత అలాగే ఉంచండి. కుందేలుకు అమాక్సిసిలిన్ నోటి ద్వారా వేయకూడదు. ప్రాణం పోతుంది. మిగతాది తీరిగ్గా రాస్తాను, ముందు ఇది చదవండి.

మల్లిక_బెజవాడ
అయ్యో. వైద్యుడే కదా రాసింది?

పశువైద్యం_విశ్రాంతి
సుజాత గారు చెప్పింది నిజం. నేను ఉద్యోగమంతా పశువుల ఆసుపత్రుల్లోనే చేసి విరమించాను, కనుక కారణం కూడా చెబుతాను.

కుందేలుకు చిన్న పేగు, పెద్ద పేగు కలిసేచోట పెద్ద సంచి ఒకటి ఉంటుంది. గడ్డిని పులియబెట్టే మంచి సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ వంటివి నోటి ద్వారా వెళితే ఆ మంచివి చచ్చి, క్లాస్ట్రిడియం జాతి క్రిములు పెరిగి విషం వదులుతాయి. విరేచనాలు పట్టుకుని కుందేలు చనిపోతుంది. కుక్కకు, పిల్లికి అదే మందు నిక్షేపంగా పనిచేస్తుంది, అందుకే రోజూ కుక్కలనే చూసేవారికి చేయి దానివైపే పోతుంది. కుందేళ్లకు సాధారణంగా వాడేవి ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్–సల్ఫా, గాలి తగలని చోట పెరిగే క్రిములకు మెట్రోనిడజోల్. పెన్సిలిన్‌ను సూదిమందుగా ఇస్తారు, నోటి ద్వారా ఇవ్వరు. ఏది ఎంత అన్నది కుందేలును చూసే వైద్యుడు తేల్చాలి.

ఇక గడ్డ సంగతి. ముందు పళ్లు బాగున్నాయంటే పళ్లు బాగున్నట్టు కాదు. కుందేలుకు 28 పళ్లు. మీకు కనిపించేవి ముందు నాలుగే. పై పళ్ల వెనక ఇంకో రెండు చిన్న పుల్లల్లాంటివి దాక్కుని ఉంటాయి. మిగతా 22 దవడ లోపల ఉంటాయి, వాటిని చూడాలంటే పరికరం పెట్టాలి, సరిగ్గా చూడాలంటే మత్తు ఇవ్వాలి. జీవితాంతం పెరిగే పళ్లు ఇవి. గడ్డిని అటూ ఇటూ పక్కలకు రుబ్బుతూ నమిలితేనే అరుగుతాయి. అరగకపోతే పైన ములుకులు తేలి నాలుకను, బుగ్గను కోస్తాయి. కింద వేళ్లు దవడ ఎముకలోకి దిగుతాయి. చొంగ మొదటిదానికి గుర్తు, మీ చేతికి తగిలిన గడ్డ రెండోదానికి. కంటి నీరు పైపళ్ల వేళ్లు కన్నీటి గొట్టాన్ని నొక్కడం వల్ల కావచ్చు. అంటే పైనా కిందా రెండు చోట్లా చూడాలి. తల ఎక్స్‌రే లేకుండా ఎవరేం చెప్పినా ఊహే.

కుందేళ్ల_షెడ్డు
మాది అనంతపురం వైపు. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చిన్‌చిల్లా జాతుల కుందేళ్లు పెంచుతాం. పళ్లు పెరిగితే గోళ్ల కట్టరుతో పుటుక్కున కత్తిరించేస్తాం, మర్నాటికి తింటుంది. దీనికి ఎక్స్‌రేలు, మత్తులు ఎందుకో అర్థం కాదు. ఆ డబ్బుతో పది పిల్లలు వస్తాయి.

పశువైద్యం_విశ్రాంతి
కట్టరుతో కత్తిరిస్తే పన్ను నిలువునా చీలుతుంది. చీలిక వేరు దాకా పోతే లోపలి గుజ్జు బయటపడి అక్కడే చీము పడుతుంది. తిరిగే రాపిడి పరికరంతో అరగదీయాలి. పైగా ఈమె కుందేలుకు బాధ దవడ పళ్లలో. అక్కడికి మీ కట్టరు వెళ్లదు.

సుజాత_అల్వాల్
షెడ్డు గారూ, పది పిల్లల లెక్క ఇక్కడ వద్దు. ఆవిడ బొబ్బట్టు గురించి అడిగారు, బొబ్బట్ల ధర అడగలేదు.

గోదారిగట్టు
ఈ మాట నేను అనాల్సింది.

లెక్కల_మాస్టారు
అమ్మా మల్లికా, బరువు ఎంత? ఆఖరిసారి ఎప్పుడు కడుపునిండా తిన్నది? ఈ రెండూ తెలియకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు. వంటింటి త్రాసు ఉంటే ఒక గిన్నెలో కూర్చోబెట్టి గ్రాముల్లో తూచండి. రోజూ అదే వేళకు. మా మనవరాలి కుందేలు విషయంలో బొచ్చు వల్ల పైకి ఏమీ తెలియలేదు, త్రాసే ముందు చెప్పింది.

మల్లిక_బెజవాడ
ఇప్పుడే తూచాను మాస్టారూ. 1,620 గ్రాములు. సంక్రాంతి వేళ 1,800 పైన ఉండేది. నిన్న ఉదయం నుంచి చెప్పుకోదగ్గట్టు ఏమీ తినలేదు. నీళ్లు గిన్నెలోంచి కొంచెం తాగుతోంది. ఒక మూల ముడుచుకుని పళ్లు పటపట కొరుకుతోంది.

పశువైద్యం_విశ్రాంతి
పటపట కొరకడం నొప్పికి. నిమిరినప్పుడు సంతోషంతో చేసే మెత్తటి చప్పుడు వేరు, ఇది వేరు.

ఇక ఆగవద్దు. కుందేలు 12 గంటలు తినకపోతే అది అత్యవసరమే. పేగు కదలిక ఆగిపోతుంది, గ్యాసు పడుతుంది, నొప్పికి ఇంకా తినదు, తినకపోతే పేగు ఇంకా మందగిస్తుంది. పంటి జబ్బు మెల్లగా చంపేది, పేగు ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ముందు పొట్ట మీద వేళ్లు పెట్టి చూడండి. మెత్తగా ఉంటే సిరంజితో ఆహారం పట్టండి. ఉబ్బి బిగుసుకుని ఉన్నా, చెవులు చల్లబడి వాలిపోయినా ఏమీ పట్టవద్దు, రాత్రి అయినా ఆసుపత్రికి పరుగెత్తండి. కుందేలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 38 కన్నా తగ్గితే జ్వరం కన్నా ప్రమాదం.

విజయవాడలో ఉన్నారు కనుక రేపు పొద్దున్నే గన్నవరం పశువైద్య కళాశాలకు వెళ్లండి. దంతాలు, శస్త్రచికిత్స విభాగం అని అడగండి.

మల్లిక_బెజవాడ
పొట్ట మెత్తగానే ఉంది. చెవులు వెచ్చగా ఉన్నాయి. సిరంజితో ఏం పట్టాలి? పెరుగు నీళ్లు పట్టవచ్చా?

సుజాత_అల్వాల్
పెరుగు వద్దు, అన్నం వద్దు, బిస్కెట్లు వద్దు. పాలపదార్థాలూ పిండిపదార్థాలూ ఆ పేగుకు సరిపడవు. మీరు రోజూ వేసే గుళికల దాణా తీసుకోండి. గుప్పెడు దాణాను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. ఉబ్బి మెత్తబడ్డాక మిక్సీలో వేసి, ఇంకాస్త నీళ్లు పోసి, సిరంజిలోంచి జారేంత పలచగా చేయండి. సూది లేని 1 మి.లీ. సిరంజిలు మందుల దుకాణంలో దొరుకుతాయి. పెద్ద సిరంజితో ఒకేసారి నోట్లోకి తోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్నదాని మూతి కూడా సన్నం కనుక పీచు అడ్డుపడుతుంది, చివర కొంచెం కోసి అంచును అగ్గిపుల్ల మంట దగ్గర నున్నగా చేసుకోండి.

కుందేలును తువ్వాలులో చుట్టి, నాలుగు కాళ్లూ కింద ఉండేలా బల్ల మీద కూర్చోబెట్టండి. వెల్లకిలా ఎప్పుడూ పడుకోబెట్టకండి. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది, పెదవి పక్క నుంచి అక్కడ సిరంజి పెట్టాలి. కొంచెం వదిలి, నమిలేదాకా ఆగాలి. నమలకపోతే మళ్లీ పట్టకూడదు. గడ్డ ఉన్న వైపు కాకుండా కుడి వైపు నుంచి పట్టండి. మొదట ఉమ్మేస్తుంది, మీ చీర నిండా పచ్చ మరకలే. పాత చీర కట్టుకోండి.

లెక్కల_మాస్టారు
ఎంత పట్టాలి?

పశువైద్యం_విశ్రాంతి
కిలో బరువుకు విడతకు 10 నుంచి 15 మి.లీ., రోజుకు నాలుగైదు విడతలు. మొదటి విడతలో అందులో సగమే పట్టి చూడాలి.

లెక్కల_మాస్టారు
అయితే 1,620 గ్రాములకు విడతకు 16 నుంచి 24 మి.లీ. నాలుగు విడతలైతే రోజుకు 65 నుంచి 97. ఒక కాగితం మీద వేళ, మి.లీ., పెంటికల సంఖ్య, ఉదయం బరువు రాసుకోండి. రేపు వైద్యుడు అడిగేది అదే.

నిమ్మతొన
నాకు ఒక అభ్యంతరం ఉంది. నోరంతా నొప్పితో ఉన్న జీవికి బలవంతంగా తిండి కుక్కడం హింస కాదా? నొప్పి మందు లేకుండా సిరంజి పెట్టడమంటే మన తృప్తి కోసమే కదా.

సుజాత_అల్వాల్
నొప్పి మందు కావాలన్నది ఒప్పుకుంటాను. రేపటి దాకా కడుపు ఖాళీగా ఉంచడం ఒప్పుకోను.

పశువైద్యం_విశ్రాంతి
ఇద్దరూ చెప్పింది నిజమే. మెలాక్సికామ్ కుందేళ్లకు బాగా పనిచేస్తుంది, కానీ ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇస్తే మూత్రపిండాలకు దెబ్బ, కనుక చూసినవారే ఇవ్వాలి. సీసాలు కూడా రెండు రకాలు ఉంటాయి, మి.లీ.కి 0.5 మి.గ్రా., 1.5 మి.గ్రా. ఒకదాని కొలతతో ఇంకొకటి పోస్తే మూడింతలు తేడా. ఇంట్లో మనుషులకు వాడే నొప్పి మాత్రలు ఏవీ వద్దు. ఈ రాత్రికి మెల్లగా, దానికి ఓర్పు ఉన్నంత మేరకు పట్టండి.

కుందేళ్ల_షెడ్డు
నేను ఒకటి అడుగుతాను, కోప్పడకండి. మా షెడ్డులో ఇన్ని కుందేళ్లు ఉన్నా దవడ గడ్డలు ఎప్పుడో ఒకటి తప్ప రావు. ఇళ్లలో ముద్దుగా పెంచేవాటికే ఎందుకు వస్తాయి?

పశువైద్యం_విశ్రాంతి
మంచి ప్రశ్న. ఒకటి, మీవి ఎక్కువ కాలం బతకవు, అమ్మేస్తారు. ఈ జబ్బు ముదరడానికి ఏళ్లు పడుతుంది. రెండు, పొట్టి మూతి, వేలాడే చెవుల జాతుల్లో దవడ కూర్పే తేడాగా వస్తుంది. మూడు, మీరు పచ్చిమేత వేస్తారు. ఇళ్లలో క్యారెట్, రంగురంగుల గింజల మిశ్రమం, గుప్పెళ్ల కొద్దీ దాణా. గింజలు నలిపి మింగుతుంది, పక్కలకు రుబ్బదు. మిశ్రమంలో నచ్చినవి ఏరుకు తిని మిగిలినవి వదిలేస్తుంది, కాల్షియం చాలదు, దవడ ఎముక బలహీనపడుతుంది.

కుందేళ్ల_షెడ్డు
పచ్చిమేత విషయంలో మాత్రం మేము చేసేదే సరి కదా. సరే.

ఎడిసన్_తెలుగు
ఇక్కడ న్యూజెర్సీలో తిమోతి గడ్డి సంచుల్లో వస్తుంది, కుందేళ్లను చూసే వైద్యులు వేరే ఉంటారు. అయినా మా దానికి దవడ చీముగడ్డ రానే వచ్చింది. ఖరీదైన గడ్డి వేస్తే రాదని ఎవరూ అనుకోవద్దు. బిల్లు చూసి మా ఆయన ఒక పూట మాట్లాడలేదు.

గోదారిగట్టు
కుందేలా, ఆయనా, ఎవరు ముందు తిన్నారు?

ఎడిసన్_తెలుగు
కుందేలు.

మల్లిక_బెజవాడ
రాత్రి మొదటి విడత 8 మి.లీ. పట్టాను, సగం నా మీదే పడింది. తరువాత 15 దాకా మింగింది. తెల్లవారేసరికి పెంటికలు పడ్డాయి, చిన్నవే కానీ పడ్డాయి. ఇప్పుడు బయలుదేరుతున్నాం.

మల్లిక_బెజవాడ
ఎక్స్‌రే తీశారు. ఎడమ కింది దవడలో రెండు పళ్ల వేళ్లు ఎముక అంచు దాకా దిగాయి, వాటి చుట్టూ చీము. పైన కూడా వేళ్లు కొంచెం పెరిగాయి, కానీ అక్కడ చీము లేదు, కన్నీటి గొట్టం కడిగి చూస్తామన్నారు. నాలుక పక్క ఒక ములుకు పుండు చేసింది. చర్మం కింద సెలైన్, నొప్పికి సూదిమందు ఇచ్చారు, ఎన్రోఫ్లాక్సాసిన్ రాశారు. బరువు కొంచెం పుంజుకున్నాక ఆపరేషన్ చేసి పళ్లు తీసి గడ్డను తొలగించాలట. గడ్డను కోసి చీము పిండేస్తే సరిపోదా? పన్ను తీయడం తప్పదా?

సుజాత_అల్వాల్
నేను రాస్తానన్నది ఇదే. మా కుందేలు చిక్కుడుకు మొదట ఒకచోట అలాగే కోసి పిండి పంపారు. కుందేలు చీము మనుషుల చీములా కారదు, జున్నులా గట్టిగా గోడ కట్టుకుని ఉంటుంది. పిండితే కొంత వస్తుంది, మిగతాది లోపలే. గడ్డ మళ్లీ వచ్చింది, ఈసారి పెద్దది. తరువాత వేరే శస్త్రవైద్యుడు గడ్డను పైపొరతో సహా తీసి, కారణమైన పన్ను తీసి, చెడిన ఎముకను గీకారు. గాయాన్ని కుట్టేయలేదు. అంచులను చర్మానికి కుట్టి తెరిచే ఉంచారు, లోపలి నుంచి మానాలని.

ఆ తరువాతి పని మనది. రోజూ గాయంలోకి సెలైన్ చిమ్మి కడగాలి. గుంత అడుగున తెల్లటి తునక కనిపిస్తే దూది పుల్లతో మెల్లగా తీయాలి, వదిలేస్తే అదే మళ్లీ గడ్డ. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు తిరిగాయి. మా అత్తగారు మాత్రం కళ్లద్దాలు సవరించుకుని, పక్కకు జరగమని, ఎర్రటి కండ పైకి వస్తుంటే మంచి గుర్తని చెబుతూ తనే కడిగారు. పల్లెలో గేదెల గాయాలు చూసిన చేయి.

పశువైద్యం_విశ్రాంతి
అత్తగారికి నా నమస్కారం.

మల్లిక గారూ, ఒక హెచ్చరిక. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టవద్దని ఎవరైనా అలవాటుగా చెబితే మళ్లీ అడగండి. అది కుక్కలకు, పిల్లులకు. కుందేలు వాంతి చేసుకోలేదు, కనుక ఖాళీ కడుపు అక్కర లేదు, పైగా హాని. మత్తు ఇచ్చే కాస్త ముందు దాకా తినవచ్చు, నోట్లో తిండి ముక్కలు లేకుండా చూస్తే చాలు. దానికి తెలిసిన గడ్డి, కొత్తిమీర వెంట తీసుకువెళ్లండి. మెలకువ రాగానే ముందు పెట్టాలి.

నిమ్మతొన
ఎవరూ అనని మాట నేను అంటాను. మాకూ ఇలాంటిదే వచ్చింది. రెండు సార్లు ఆపరేషన్ అయింది. మూడోసారి ఎముక లోపలికే పాకింది, ఎదుటి దవడలో కూడా మొదలైంది. తినదు, ముఖం కడుక్కోదు, పిలిస్తే తల ఎత్తదు. వైద్యుడితో మాట్లాడి నొప్పి లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చాం. ఆపరేషన్ వద్దనడం లేదు. ఎక్కడ ఆగాలో ముందే ఇంట్లో అనుకుని ఉంచుకోండి, ఆ రోజు వచ్చాక ఆలోచించే ఓపిక ఉండదు.

సుజాత_అల్వాల్
మల్లిక గారు ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నారు. ఇప్పుడే ఈ మాట అవసరమా?

పశువైద్యం_విశ్రాంతి
అవసరమే. ముసుగు వేసి చెప్పడం నాకూ ఇష్టం లేదు. దవడ చీముగడ్డలు తిరగబెట్టడం సాధారణం. ఒకే చోట ఉండి, పన్ను పూర్తిగా వస్తే మంచి అవకాశం ఉంటుంది. ఎముకలో చాలా దూరం పాకితే తక్కువ. మల్లిక గారి ఎక్స్‌రేలో ఒక వైపే అంటున్నారు కనుక నేనైతే చేయిస్తాను.

మల్లిక_బెజవాడ
నిమ్మతొన గారూ, చెప్పినందుకు మంచిదే. మా అమ్మతో మాట్లాడాను. ఈ ఒక్క ఆపరేషన్ చేయిద్దాం, ఎముక లోపల ఎలా ఉందో చూసి తరువాతి మాట అనుకుందాం అంది.

ఎండలు ముదిరాయి, ఇంట్లో 36 డిగ్రీలు. దానికి ఏమైనా చేయాలా?

ఎడిసన్_తెలుగు
గడ్డ కట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, ఆనుకుని పడుకుంటుంది.

పశువైద్యం_విశ్రాంతి
30 దాటితే ఆరోగ్యంగా ఉన్నదే సొమ్మసిల్లుతుంది. ఏసీ ఉన్న గది ఉంటే అందులోకి మార్చండి. నీళ్లలో ముంచవద్దు, చెవులకు తడి గుడ్డ అద్దితే చాలు. గడ్డం తడి, కింద భాగం తడి లేకుండా రోజూ తుడవండి, ఈ కాలంలో ఈగలు గుడ్లు పెడతాయి.

మల్లిక_బెజవాడ
ఆపరేషన్ అయింది. రెండు పళ్లూ వేళ్లతో సహా వచ్చాయి, ఒకటి నాకు చూపించారు, విల్లులా వంగి ఉంది. ఎముక పైపైనే చెడిందట. గాయం తెరిచి ఉంచారు. మూడు రోజులు సిరంజి తప్పలేదు. నిన్న మధ్యాహ్నం సిరంజిని ముక్కుతో తోసేసి, నా చేతి కింద నుంచి మెంతికూర కట్ట లాక్కుంది. ఈ ఉదయం 1,655 గ్రాములు.

లెక్కల_మాస్టారు
35 గ్రాములు లాభం. అంకెలు ఆపవద్దు.

గోదారిగట్టు
బొబ్బట్టు తినడం మొదలుపెట్టింది కనుక ఇకనైనా నన్ను ఎవరూ తిట్టరు.

సుజాత_అల్వాల్
మెంతికూర, కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకులు పెట్టండి. వాటితోనే సరిపెట్టకండి, మెల్లగా గడ్డి మీదికి తేవాలి. పాలకూర తక్కువగా. ఇంకో మాట. పళ్లు తీసిన చోటుకు ఎదురుగా పైనున్న పళ్లకు ఇక రాపిడి ఉండదు, అవి కిందికి పెరుగుతాయి. నెలకో రెండు నెలలకో చూపించి అరగదీయించాలి. ఆపరేషన్‌తో అయిపోయిందనుకుని మా చెల్లెలి స్నేహితురాలు వెళ్లడం మానేస్తే మళ్లీ మొదటికి వచ్చింది.

మల్లిక_బెజవాడ
గడ్డి ఎక్కడ తేవాలి? ఆన్‌లైన్‌లో తిమోతి ధర చూసి గుండె జారింది.

కుందేళ్ల_షెడ్డు
ఇది నన్ను అడగండి. గరిక చాలు. పూజ సామాను అమ్మేచోట కట్టలు దొరుకుతాయి, వినాయక చవితికైతే బుట్టల కొద్దీ. కడిగి, నీడలో ఆరబెట్టి వేయండి. రోడ్డు పక్కది, మందు కొట్టిన పొలం గట్టుది వద్దు. పాడి పశువులు ఉన్నవారి దగ్గర నేపియర్ గడ్డి అడిగితే రెండు గడలు ఊరికే ఇస్తారు, ఆకులు మాత్రమే వేయండి. వరిగడ్డిలో సారం లేదు. లేత జొన్న పిలకలు అసలు వద్దు, ఆవులే చస్తాయి. లూసర్న్ మేత కుందేలు పిల్లలకు మంచిది, నాలుగేళ్లదానికి కాల్షియం ఎక్కువవుతుంది, అప్పుడప్పుడు పిడికెడు చాలు. తొట్టెలో మట్టి పోసి గరిక దుబ్బులు నాటుకుంటే మీ బాల్కనీలోనే వస్తుంది.

పశువైద్యం_విశ్రాంతి
దీనిలో ఒక్క మాట కూడా మార్చను.

కుందేళ్ల_షెడ్డు
ఎక్స్‌రే లేకుండానే చెప్పాను.

పిచ్చుకగూడు
మధ్యలో వస్తున్నాను. మా పిల్లల దగ్గర గినీ పందులు ఉన్నాయి. ఆ అమాక్సిసిలిన్ మాట వాటికీ వర్తిస్తుందా?

పశువైద్యం_విశ్రాంతి
వర్తిస్తుంది. వాటి పళ్లూ జీవితాంతం పెరిగేవే, వాటికీ గడ్డే ప్రధానం. అదనంగా వాటి ఒంట్లో విటమిన్ సి తయారు కాదు, రోజూ తిండిలోనే అందాలి. క్యాప్సికమ్ ముక్క పెట్టండి. మిగతా ప్రశ్నలకు వేరే చర్చ తెరవండి, వాటి బరువులు రాయడం మరవకండి.